కల్యాణి పచ్చ మ్యాటు

రైల్వే కాలనీ, కిరండూల్
14-11-2025

చెల్లి కల్యాణికి,

మీ కృపక్క దీవెనలు. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నువ్వూ సురేష్‌బాబూ పిల్లలూ బాగున్నారని తలుస్తాను. ఫోన్ చేస్తే ఎత్తవు కాబట్టి కాగితం పట్టుకున్నాను. చించెయ్యాలనిపిస్తే చించెయ్యి, కానీ కొసదాకా చదివాకే చించు.

నువ్వు క్వార్టర్ ఖాళీ చేసి జగదల్‌పూర్ వెళ్ళిపోయి పద్నాలుగు నెలలైంది. కుట్టుమిషన్ పట్టుకెళ్ళావు. బొంత గుడ్డలు కోసే పచ్చ మ్యాటు మాత్రం పెరటి గోడకి చేరేసి పోయావు. మీ అన్నయ్య విశాఖపట్నంలో కొని, చుడితే పాడైపోతుందని కిరండూల్ వచ్చే కేకే ప్యాసింజర్లో దారంతా ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన మ్యాటు అది. దాన్ని నేనేం చేశానో చెప్పడానికి సిగ్గేస్తోంది. నీళ్ళ డ్రమ్ము మీద మూతగా వేశాను. ఎండాకాలం, వానాకాలం అక్కడే పడి ఉండి అప్పడంలా వంకరపోయింది. మన ఊరి ఎర్రధూళి సంగతి నీకు తెలుసుగా, పొద్దున ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి ఇటుక రంగుకొస్తుంది. ఆ ధూళి నీ బ్లేడు గాట్లన్నిటిలో కూరుకుపోయింది. నువ్వు కోసిన ప్రతి కోతా ఎర్రగా కనబడుతోంది.

ఇవాళ పొద్దున దాన్ని కడుగుదామని కూర్చున్నాను. తొందరకొద్దీ ముందు మరిగిన నీళ్ళు పోశాను. ఒక మూల ఇంకా పైకి లేచిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, వేన్నీళ్ళు పొయ్యకక్కా, ఎండలో ఎట్టకు, దానికి యేడి పడదు అని నువ్వు ఎన్నిసార్లు చెప్పావో. సరే, బట్టలు నానబెట్టే తొట్టిలో గోరువెచ్చని నీళ్ళు పోసి, రెండు మూతల వెనిగర్, నాలుగు చుక్కలు గిన్నెల సబ్బు కలిపి పావుగంట నానబెట్టాను. మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దాను. నీళ్ళు ఎర్రబడిన కొద్దీ పారబోసి మళ్ళీ పట్టాను. తడారాక, గాట్లలో ఇరుక్కున్న పీచుని పెన్సిల్ రబ్బరుతో లేపాను.

ఆ పీచంతా మా అత్త పోలమ్మ చీరలదే. పసుపు వాయిల్ చీర ఒకటి, ఎర్రంచు నేతచీర ఒకటి. పోగు చూస్తే ఏ చీరదో చెప్పగలిగాను. పోయిన పెద్దామె చీరలతో ఇంట్లో తర్వాత పుట్టిన పిల్లకి బొంత కుట్టించడం మావాళ్ళ అలవాటు. నా కూతురికి అమ్ము పుడితే తొమ్మిది చీరలు నీకే తెచ్చి ఇచ్చాను. ఇరవై రోజులు వంచిన నడుం ఎత్తకుండా కుట్టావు.

తర్వాత జరిగింది నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. అమ్ము ఆ బొంత మీద మూడు రోజులు పడుకుంది. నాలుగో రోజు తొడ వాచింది. లోపల ఇనుపముక్క విరిగి ఉందన్నారు. కోసి తీశారు, చీము పట్టి పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. నువ్వు గుడ్డలు కోసే చక్రం కత్తి బ్లేడు అంచు ఒకచోట విరిగి ఉందని నువ్వే తెచ్చి చూపించావు. నా బ్లేడే అయ్యుంటాదక్కా, ఇరిగిపోనాది, నాను సూసుకోనేదు అని మా గుమ్మంలో కూలబడి ఏడ్చావు. నేనేమో పసిదాన్ని చంపబోయావని వీధంతా వినబడేలా అరిచాను. రైలు గార్డు శ్యామ్‌ప్రసాద్ ఆ కబురు బచేలీ దాకా మోశాడు. ఆ తర్వాత నీ ఇంటికి ఒక్క పాతచీర కూడా కుట్టడానికి రాలేదు. ఇక కత్తి ముట్టనని ఒట్టేశావట. ఏదో షాపులో చీరలు మడతపెట్టే పని చేస్తున్నావట. ఆ మాట విన్నరోజు నాకు అన్నం సహించలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇందాక రుద్దుతుంటే పద్నాలుగో అంగుళం గీత దగ్గర బ్రష్‌కి ఏదో తగిలింది. పిన్నీసుతో పెకలిస్తే పల్చటి రేకు ముక్క వచ్చింది, గోరు చివరంత. నీ పాత బ్లేడు ఆనాడు మా ఇంట్లోనే వదిలేసి పోయావు కదా. విరిగినచోట ఆనించి చూస్తే సరిగ్గా అతికింది. నీ బ్లేడు ముక్క బొంతలోకి పోనేలేదు కల్యాణీ, ఇన్నాళ్ళూ మ్యాటులోనే ఉంది. ఈ సంగతి నాకు ఇవాళే తెలిసింది. నీ తప్పేమీ లేదు. నా నోటిదురుసుని క్షమించు.

18-11-2025, మంగళవారం

మ్యాటుని రెండు చెక్కల మధ్య పెట్టి, పైన రెండు బియ్యం బస్తాలు ఎత్తి నాలుగు రోజులు ఉంచాను. చాలావరకు చదునైంది. మరిగిన నీళ్ళు పోసిన మూల మాత్రం దిగలేదు, ఇక దిగదు. అటువైపు పెట్టి కొయ్యకు, స్కేలు జారుతుంది. రేపు శ్యామ్‌ప్రసాద్ డ్యూటీలో అటు వస్తున్నాడు. నిలబెట్టకుండా పడుకోబెట్టి తెమ్మన్నాను.

అమ్ము పరుగులు పెడుతోంది. తొడమీద మచ్చ ఉంది.

మళ్ళీ కత్తి పట్టుకో తల్లీ.

ఇట్లు,
నీ అక్క కృపారాణి

తా.క. నీ తప్పు లేదని ఇవాళే తెలిసినట్టు పైన రాశాను. అది అబద్ధం. ఆసుపత్రిలో అమ్ము తొడలోంచి ముక్క తీసి ట్రేలో వేసినప్పుడు పక్కన ఉన్నది నేనొక్కదాన్నే. అది రేకు కాదు, గుండ్రంగా ఉంది. సూదిమొన. ఆ సూది నాది.

నువ్వు బొంత ఇచ్చిన రోజు, కాళ్ళవైపు మూల విప్పి, సంతలో గుణియా, అదే భూతవైద్యుడు, మంత్రించి ఇచ్చిన తాయెత్తు లోపల పెట్టి మళ్ళీ కుట్టాను. పిల్ల ఉలిక్కిపడి ఏడుస్తుంటే భయమేసి చేశాను. కుట్టేటప్పుడు సూది విరిగింది. మొన కింద పడిందనుకున్నాను. చర్చిలో స్త్రీల సమాజానికి పెద్దని నేను. తాయెత్తు కట్టిన ఆడవాళ్ళని నిలబెట్టి మందలించేది నేనే. బొంత విప్పానంటే ఎందుకు విప్పావని అడుగుతారు. అందుకే ఆసుపత్రి నుంచి వచ్చీరాగానే తాయెత్తు తీసి పొయ్యిలో వేశాను. నువ్వు ఏడుస్తుంటే అరిచాను.

మ్యాటు కడిగింది కూడా నీ మీద ప్రేమతో కాదు. నీ బ్లేడు ముక్క దొరికితే, నేను నోరు విప్పకుండానే నువ్వు బయటపడతావని ఆశపడ్డాను. దొరికింది. సంతకం కూడా పెట్టేశాను. కానీ మ్యాటుకి పాత దుప్పటి చుడుతుంటే, ఈ ఉత్తరం నువ్వు నమ్మేసి నాకే థాంక్స్ చెబుతావని తెలిసి కాగితం మళ్ళీ తీశాను.

మిగిలిన సగం సూది ఈ కాగితానికి గుచ్చాను, చూసి తియ్యి. కవరు అంటించలేదు. శ్యామ్‌ప్రసాద్‌ని దారిలో చదువుకోమని నేనే చెప్పాను. అతను చదివితే లైనంతా చదివినట్టే. ఇక్కడ నీ పేరు బాగుపడుతుంది. వచ్చే ఆదివారం నేను చర్చిలో ఎక్కడ కూర్చుంటానో నాకు తెలియదు.