ఆటలమ్మ పోసిన మహారాజు

ఏప్రిల్ 7, 1984, శనివారం రాత్రి, ఎడిసన్

ఈ పేజీని భరించబోతున్న డైరీకి, సమస్త తెలుగుజాతికి, జర్మన్ రాజవంశానికి ముందుగా నా సాష్టాంగ క్షమాపణలు.

ఉగాది నాటకంలో రాజు వేషం నాది. పోయిన వారం ఆటలమ్మ పోయడంతో గది దాటొద్దన్నారు. ఇవాళ నా వేషం రూమ్మేట్ మూర్తి కట్టాడు.

టర్మ్ పేపర్ కోసం తెచ్చుకున్న పుస్తకంలో నాలాంటి రాజే ఒకడు దొరికాడు. బవేరియా రాజు. మతి చెదిరి కోటలోనే ఉండిపోయాడు. నాణేల మీద బొమ్మ అతనిది, పాలన అంకుల్‌ది. ఏ అంకులో పుస్తకం చెప్పలేదు. వంశవృక్షం చూస్తే బాబాయి అని తేలింది. నువ్వే రాజువని చెబితే అతనికి అర్థమే కాలేదట. అక్కడ నవ్వాను. ఆ తర్వాత పేజీ తిప్పబుద్ధి కాలేదు.

ఇందాక మూర్తి వచ్చి తలుపు అవతలే నిలబడ్డాడు.

"ఒరేయ్, మైక్‌లో నీ పేరే చదివార్రా! మార్చడం మర్చిపోయారు. క్లాప్స్ అన్నీ నీకే."

"నేనేడని ఎవరైనా అడిగారా?"

"నువ్వే వేశావనుకున్నార్రా. ఆ గడ్డంలో ఎవడు గుర్తుపడతాడు? కిరీటమే ఎక్కడా దొరకలేదు. ఎవరో ఆంటీ చున్నీ తలపాగా చుట్టి లాగించేశాం. పులిహోర ఇక్కడ పెట్టా, తిను."

తిన్నాను. బాగుంది.

నా ఏలుబడి మొత్తంలో చేసిన రాజకార్యం ఒక్కటే. కిరీటం ఎక్కడుందని నన్నైనా ఎవరో ఒకరు అడుగుతారని, నిన్న దాన్ని నా దిండు కింద దాచాను.