అక్క మెడనొప్పికి అసలు కారణం

అక్కా,

నాలుగింటికి నీ మెడ సరిచేసే కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లు. ఈరోజు ఆయన మెడ మీద చెయ్యి వెయ్యరు. ముందు ఎక్స్‌రే తీయించుకోవాలట. ఎక్కడ తీయించుకోవాలో రాసిన కాగితం నీ కుట్టుమిషను మీద పెట్టాను. ఊపిరి కసరత్తు మాత్రం మానొద్దన్నారు. వెల్లకిలా పడుకుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, ముక్కుతో నెమ్మదిగా పీల్చి, అంతకంటే నెమ్మదిగా వదులు. భుజాలు పైకి లేవకూడదు.

ఉన్నట్టుండి ఎక్స్‌రే ఏంట్రా అంటావు. ఆ రోజు మెల్లగానే వెళ్తున్నామని, స్కూటర్‌కి కుక్క అడ్డమొచ్చిందని అందరికీ చెప్పాను కదా. కుక్కా లేదు, గిక్కా లేదు. నేను ఫోన్ చూస్తూ వేగంగా నడిపాను. తలెత్తేసరికి ఎదురుగా లారీ ఆగి ఉంది. గట్టిగా బ్రేక్ వేసి పక్కకి తిప్పేశాను, ఆ కుదుపుకే నీ మెడ పట్టేసింది. నువ్వు బట్టల మూటతో పక్కకి తిరిగి కూర్చున్నావు, చూడలేదు. పైగా "పోనీలేరా, పాపం మూగజీవి బతికింది" అన్నావు.

రెండు నెలలుగా తల తిప్పలేక ఒళ్లంతా తిప్పి నువ్వు నన్ను పిలుస్తుంటే, నాకు ముద్ద దిగడం లేదు.

నిన్న ఆ కైరోప్రాక్టర్‌గారే "మెల్లగా వెళ్తే ఇంత దెబ్బ తగలదే" అన్నారు. పొద్దున్నే ఫోన్ చేసి ఆయనకి నిజం చెప్పేశాను. నీ మొహం చూసి చెప్పే ధైర్యం లేక డ్యూటీకి పెందలాడే పోతున్నాను.

తమ్ముడు

ఏడింటికి వస్తాను. ఎన్ని తిట్టినా పడతాను. నన్ను ఏమీ అనకుండా మాత్రం ఉండకు.