నా సన్నిహిత మిత్రుణ్ణి రీసెట్ చేయవద్దని మనవి

కార్యదర్శి గారికి,
రవాణా ఉద్యోగుల పరపతి సహకార సంఘం.

అయ్యా,

విషయం: నా ఖాతా రహస్య ప్రశ్నకు నేను ఇచ్చియున్న సమాధానమును చెరిపివేయకుండా, అది ఏమిటో నాకు తెలియజేయుట గురించి.

నేను తమ సంఘ సభ్యుడను. బస్సు డ్రైవరుగా పనిచేసి పదవీ విరమణ పొందినవాడను. భార్య కాలం చేసినది. పిల్లలు లేరు. ఒక గది, వంటగది, చిన్న వరండా గల అద్దె ఇంటిలో నివసించుచున్నాను. ఈ వివరములు అర్జీకి అవసరమో కాదో తెలియదు. అయినను రాసితిని.

1. గత నెల నా పాత ఫోను నీళ్ళ బకెట్‌లో పడి చెడిపోయినందున కొత్తది కొన్నాను. అందులో సంఘం వారి యాప్ తెరువగా, "భద్రత నిమిత్తం ఈ ప్రశ్నకు జవాబివ్వండి: మీకు అత్యంత సన్నిహితులైన మిత్రుల పేరు?" అని అడిగినది. యాప్ పెట్టిన కొత్తలో నేనే కౌంటరు దగ్గర ఈ జవాబు చెప్పి రాయించుకున్నానట. ఏమి చెప్పానో గుర్తు లేదు. ప్రశ్నను ఎంచుకున్నది సంఘమే గాని నేను కాదని మనవి. పుట్టిన ఊరు అడిగియుండవచ్చును. మొదట నడిపిన బండి అడిగియుంటే గేరు రాడ్డు ఏ పక్కకు వంగి ఉండేదో కూడా చెప్పేవాడిని.

2. మొదట నా భార్య పేరు కొట్టాను. తప్పు అని వచ్చినది. ఆమె ఉన్నంతకాలం మా ఇంట్లో మాటలన్నీ ఆమెవే, నాది ఊఁ కొట్టడమే. పిమ్మట తమ్ముడి పేరు కొట్టాను. తప్పు. బడిలో నా పక్కన కూర్చున్న వాడి పేరు కొట్టాను. వాడి మొహం గుర్తు లేదు, పేరొక్కటే ఉంది. అదీ తప్పే. డిపోలో నా బస్సు కింద పడుకునే కుక్కకు నేను పెట్టుకున్న పేరు కొట్టాను. చివరకు నా బస్సు నంబరు కూడా కొట్టాను. తమరు నవ్వుకున్నను నాకు అభ్యంతరం లేదు.

ఇందుకు కారణం విన్నవించుకొనవలసియున్నది. ఉద్యోగకాలమంతయు నేను "బస్సు నడుచునపుడు డ్రైవరుతో మాట్లాడరాదు" అను బోర్డు కింద కూర్చున్నవాడను. ప్రయాణికులు ఆ నిబంధనను తు.చ. తప్పక పాటించినారు. బస్సు ఆగిన తరువాత మాట్లాడవచ్చునని ఆ బోర్డు మీద లేదు. ఆగాక అందరూ దిగిపోయేవారు.

3. నాతో ఒకే బస్సులో ఏళ్ళ తరబడి పనిచేసిన కండక్టరు ఉన్నాడు. చిల్లర లేదని ఏనాడూ అననివాడు గనుక డిపోలో అందరూ అతన్ని "చిల్లర" అనే పిలిచేవారు. అతని పేరు కూడా కొట్టి, అది కూడా తప్పయ్యాక, ఏమైనా ఆచూకీ దొరుకుతుందేమోనని అతని ఇంటికే వెళ్ళాను. వరండాలో కూర్చుని కుర్చీకి ప్లాస్టిక్ వైరు అల్లుకుంటున్నాడు.

"ఏం గురూ, దారి తప్పి వచ్చావా?" అన్నాడు.

సంగతి చెప్పాను.

"నా పేరు కొట్టి చూశావా మరి?"

"కొట్టాను. ఇంటిపేరుతో ఓసారి, లేకుండా ఓసారి."

"రాలేదా?"

"రాలేదు."

వైరు లాగి ముడి బిగించాడు. ఇంకో వరస కూడా అల్లాడు. అప్పుడు తలెత్తాడు.

"మరి ఎవడ్రా వాడు?"

"అది తెలియకే గదా వచ్చాను."

"నేను నీ పేరే పెట్టాను" అన్నాడు. "ఇన్నేళ్ళు నీ వెనకాల నిలబడి గంట కొట్టాను. ఒకటి కొడితే ఆపావు, రెండు కొడితే కదిలావు. ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. ఇంకెవరి పేరు పెడతాను?"

సదరు కండక్టరు తన రహస్య సమాధానమును నా ఎదుట వెల్లడించినందున అతని ఖాతా భద్రతకు భంగం కలిగినది. దీనిని నేను దుర్వినియోగం చేయబోనని ఇందుమూలముగా హామీ ఇచ్చుచున్నాను. వెళ్ళొస్తానంటే ఊఁ అన్నాడు గాని గేటు దాకా రాలేదు. ఆనాటి నుండి ఫోను చేస్తే ఎత్తుటలేదు. నాకు చాలా బాధగా ఉన్నది. యాప్ రాకముందు మేమిద్దరం బాగానే ఉన్నాము.

4. తమ హెల్ప్‌లైన్‌కు ఫోను చేయగా ఒక అమ్మాయి మర్యాదగానే మాట్లాడినది.

"ఇంకొక్క ప్రయత్నమే మిగిలింది సర్. అదీ తప్పయితే తాళం పడిపోతుంది, మీరు స్వయంగా ఆఫీసుకు రావాలి. అదంతా ఎందుకు, రీసెట్ కొట్టేస్తాను. రెండు నిమిషాలు. కొత్త పేరు పెట్టేసుకోండి."

"కొత్త పేరంటే ఎవరిది పెట్టమంటావమ్మా?"

"ఎవరిదో ఒకరిది పెట్టేయండి సర్."

వద్దన్నాను. పాత జవాబేమిటో చెప్పమన్నాను. అది చుక్కలు చుక్కలుగా కనబడుతుందనీ, తమకు కూడా కనబడదనీ, ఈ నెలాఖరుకు జవాబివ్వని ఖాతాలన్నీ వాటంతట అవే రీసెట్ అవుతాయనీ చెప్పినది. అర్జీ రాయుటకు ముఖ్యకారణం ఈ నెలాఖరే.

5. "మీ ఓటీపీ, పాస్‌వర్డు ఎవరికీ చెప్పకండి" అని సంఘం వారు రోజూ సందేశం పంపుచున్నారు. తమ జాగ్రత్తకు కృతజ్ఞుడను. నా ఫోనుకు వచ్చేవి చాలావరకు అవే. అయినను పొద్దున్నే లేచి, ఎవరికీ చెప్పకండి అని చదువుకోవడం కష్టంగా ఉన్నది. చెప్పడానికి ఎవరైనా ఉన్న సభ్యులకు మాత్రమే ఈ సందేశం పంపిన బాగుండును.

6. పూర్వం మన ఆఫీసులో కౌంటరు ఉండేది. పాసుపుస్తకం లోపలికి తోసే కన్నంలోంచి కౌంటరమ్మ "ఏమన్నయ్యా, మోకాలు ఎలా ఉంది?" అని పలకరించేది. నేనే నేనని రుజువు చేయమని ఏనాడూ అడగలేదు. ఇప్పుడు అక్కడ ఒక మిషను, దాని మీద మోసాల గురించి ఒక పోస్టరు ఉన్నవి. ఆవిడ ఉద్యోగం మాని కూతురి దగ్గర ఉంటున్నదని తెలిసి, వాచ్‌మన్‌ను బతిమాలి నంబరు సంపాదించాను. నా గొంతు వినగానే మోకాలు గురించి అడిగినది. యాప్ పెట్టిన నాడు నేనేమి జవాబు చెప్పానో గుర్తుందా అని అడిగాను.

"ఆ రోజు తలుపు దాకా వరస అన్నయ్యా. అందరి జవాబులూ నేనే కొట్టాను. ఎవరేం చెప్పారో ఎక్కడ గుర్తుంటుంది? చాలామంది బుర్ర గోక్కున్నారు. మీరు మాత్రం టక్కున చెప్పేశారు. అది గుర్తుంది."

"టక్కున చెప్పానా?"

"అడగ్గానే."

ఆ మాటతో ఆ పూట కడుపు నిండినది. మరునాటికి అనుమానం మొదలైనది. అంత టక్కున చెప్పడానికి రెండే కారణాలు ఉండగలవు. ఒకటి, మనిషి మనసులో సిద్ధంగా ఉండటం. రెండవది ఈ అర్జీలో రాయుటకు చేయి రావడం లేదు.

కావున తాము దయయుంచి నా ఖాతాను నెలాఖరు రీసెట్ నుండి తప్పించవలెను. ఆ చుక్కల వెనుక ఉన్న పేరు ఎవరిదో చూచి చెప్పవలెను. చూచుట సాధ్యము కానిచో నా ఖాతా ఇట్లే మూసియుంచినను సరే గాని, ఆ పేరును మాత్రం చెరుపవద్దు. పేరు చెప్పుట నిబంధనలకు విరుద్ధమైనచో, అక్కడ ఒక పేరంటూ ఉన్నదా లేదా అన్నంతవరకు చెప్పినను చాలును.

ఈ మనవిని తమ గదిలో ఎవరూ లేని వేళ చూసుకొని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సంఘ సభ్యుడు, విశ్రాంత డ్రైవరు.

తా.క.: అర్జీ మడిచి కవరులో పెట్టాను గాని అంటించలేకపోయాను. ఒక్క ప్రయత్నం మిగిలి ఉంది కదా.

రాయనన్న రెండో కారణం రాసేస్తున్నాను. ఆ రోజు కౌంటరమ్మ అడగ్గానే నేను "ఎవరూ లేరు, అలాగే రాసుకోమ్మా" అని ఉంటానేమోనని నా భయం. అలా అనగల మనిషినే. అనడానికి ఆలోచించక్కర్లేదు కూడా. అందుకని ఇందాక ఫోను తీసి, "ఎవరూ లేరు" అని కొట్టాను.

"మీ సమాధానం తప్పు" అని వచ్చింది.

అయ్యా, తప్పట. ఎర్రక్షరాలతో వేశారు. ఖాతాకు తాళం పడింది, పడనివ్వండి. ఆఫీసుకు నేనే వస్తాను, తొందరేమీ లేదు. ఫోను తెర ఆరిపోతే మళ్ళీ వెలిగించి అదే చదువుకుంటున్నాను.

కవరు పోస్టులో వేసి, ఇది చూపించడానికి చిల్లర ఇంటికి వెళుతున్నాను. ఆ పేరు వాడిది కాదు, నాకు తెలుసు. అయినా ముందు వాడికే చూపించాలనిపిస్తోంది. ఫోను ఎత్తకపోతే ఎత్తకపోయాడు. వాళ్ళ తలుపుకు బెల్లు ఉంది. రెండుసార్లు కొడతాను. ఈసారి కదలవలసింది వాడు.