కె-17 చెవులు

నవంబర్ 4, మంగళవారం

మైనస్ పదకొండు. వాయవ్యం నుంచి గాలి. రీసెర్చ్ స్టేషన్ మెట్ల మీద మంచు పారతో తీశాను. ఫ్రీజర్ ఒకటి మైనస్ 80. రెండు మైనస్ 79. మూడు మైనస్ 80.

డాక్టర్ హాల్వర్ వసంతంలో రిటైర్ అవుతాడట. ఈలోగా ఫ్రీజర్లన్నీ కొత్త బిల్డింగ్‌కి మారాలి. ప్రతి సంచికీ లిస్ట్ కావాలి. ఉంచేవేవో, పారేసేవేవో. ఆ పని నాకిచ్చాడు. నీ అంత నిదానంగా రాసేవాడు ఈ లోయలో ఎవడున్నాడు ఇస్సాత్, అని భుజం తట్టాడు. అతను వెళ్లాక చొక్కా దులుపుకున్నాను. ఎప్పుడూ దులుపుకుంటాను.

పుస్తకం కూడా రాస్తున్నాడు, ఈ కొండల్లో చేసిన ముప్పై ఏళ్ల పని గురించి. అందులో పెద్ద అధ్యాయం నా రెయిన్‌డీర్ల మంద.

నవంబర్ 5

మైనస్ తొమ్మిది. రెండు ఫ్రీజర్ల తలుపు రబ్బర్లు తుడిచాను.

ఒకటో ఫ్రీజర్‌లో మనుషుల రక్తం. ఈ లోయ వాళ్ల గుండెలు దక్షిణాది వాళ్ల గుండెల కంటే గట్టివని హాల్వర్ చేసిన స్టడీ అది. నా భార్య మార్జా రక్తం నాలుగో అరలో ఉంది, ట్యూబ్ 0622. మంద పోయిన మరుసటి ఏప్రిల్‌లో మార్జా గుండె ఆగిపోయింది. గట్టి గుండెల లెక్కలో ఆవిడ ఇంకా ఉంది.

మంద పోయింది అని రాస్తాను గానీ అది పోలేదు. మూడేళ్ల క్రితం అక్టోబరులో కోసిన రెయిన్‌డీర్ల తలలు ఎప్పటిలాగే టెస్ట్‌కి ఇచ్చాను. ఒక తలలో మెదడు జబ్బు కనబడిందన్నారు. డిసెంబర్‌లో వచ్చి దొడ్లో ఉన్నవాటిని ఉన్నట్టే తుపాకులతో కాల్చేశారు. కాల్చేముందు హాల్వర్ కాగితం పట్టుకొచ్చాడు. నీ సంతకం ఒక్కటి చాలు ఇస్సాత్, మిగతాది మేం చూసుకుంటాం, అన్నాడు. పెట్టాను. పక్క మందలు బతకాలి కదా అనుకున్నాను. మంద పోయాక ఇక్కడే పనికి కుదిరాను.

ఎన్నింటిని కాల్చారో ఇక్కడ రాయను. మందలో ఎన్ని ఉన్నాయో మేం ఒకర్నొకరం అడగం, చెప్పం. రిపోర్ట్‌లో హాల్వర్ ఆ అంకె అచ్చేయించాడు. దుకాణంలో ఉప్పు కొనడానికి వెళ్తే అందరి కళ్లలో ఆ అంకె కనపడేది.

నవంబర్ 6

మైనస్ పదమూడు.

మూడో ఫ్రీజర్, అడుగు అర. గడ్డకట్టిన సంచి, మీద కె-17 అని ఉంది. కె-17 జబ్బు కనబడిన ఆ తల నంబరు. నా పేరు పక్కన రిపోర్ట్‌లో ఉన్న నంబరు. తల ఎప్పుడో తగలబెట్టేశారు. చెవులు మాత్రం కోసి చర్మం శాంపిల్ కోసం ఉంచారు.

సంచి మీది మంచు బొటనవేలితో తుడిచాను.

ఎడమ చెవి కొస అడ్డంగా తెగి ఉంది. వెనక అంచున రెండు గాట్లు. కుడి చెవి కొస చీలిక.

ఇక్కడ ఎవరి రెయిన్‌డీర్ల చెవుల మీద వాళ్ల గుర్తు కోసి ఉంటుంది. నా గుర్తు అది కాదు. నాది ఎడమ కొస చీలిక, కుడి ముందు అంచున మూడు గాట్లు. మా నాన్నదీ అదే.

ఇది లెమెత్ గుర్తు. మార్జా తమ్ముడు లెమెత్.

సంచి మళ్లీ అడుగునే పెట్టాను.

నవంబర్ 7

ఫ్రీజర్లు చూశాను. ఇంకేం చేశానో గుర్తు లేదు.

నవంబర్ 9, ఆదివారం

షెడ్‌లో నా పాత డైరీ పుస్తకాలు దించాను. ఆ ఏటిది, అక్టోబర్ 19. నా చేతిరాతే. మైనస్ రెండు, తడి మంచు. లెమెత్ ఆడ రెయిన్‌డీర్ ఒకటి నా మందలో కలిసి వచ్చింది, కుంటుతోంది, మనవాటితోపాటే కోశాం. తోలు లెమెత్‌కి ఇవ్వాలి.

అయిన పనుల పక్కన టిక్ పెడతాను. దాని పక్కన టిక్ లేదు. తోలు ఇంకా షెడ్‌లో దూలం మీదే ఉంది.

ఆ రోజు తలలు మూటకట్టడానికి దక్షిణాది కుర్ర డాక్టర్లు వచ్చారు. ఈ దొడ్డి ఎవరిదని అడిగారు. నాదన్నాను. అన్ని సంచుల మీదా నా పేరు రాసుకున్నారు. ఒక తల నాది కాదని నేను చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు. చెవి మీద ఉంది కదా. కళ్లున్నవాడు ఎవడైనా చదువుతాడనుకున్నాను. వాళ్లకి ఆ చదువు రాదని అరవై ఏళ్లొచ్చిన నాకు తట్టలేదు.

ముప్పై ఏళ్లు మా మధ్య తిరిగిన హాల్వర్‌కీ రాదు. మంద మొత్తం కాల్చేముందు ఆ చెవులు ఒక్కసారి తిప్పి చూడలేదు.

నవంబర్ 11

మైనస్ పదహారు. కరెంట్ ప్లగ్గులు చూశాను. మూడు ఫ్రీజర్లూ ఒకే లైన్ మీద ఉన్నాయి. ఒక్క స్విచ్. రెండు రోజుల్లో అతని ముప్పై ఏళ్లూ బురదైపోతాయి.

నాలుగో అర, ట్యూబ్ 0622 కూడా.

స్విచ్ మీద దుమ్ము తుడిచి వచ్చేశాను.

నవంబర్ 15, శనివారం

మైనస్ పద్దెనిమిది. స్నో స్కూటర్ మీద లెమెత్ ఇంటికెళ్లాను. మూడేళ్లలో మొదటిసారి.

ఓహో, ఫ్రీజర్ల దొరగారు దారి తప్పారు, అన్నాడు గుమ్మంలోంచే. చలి చాల్లేదా బావా అక్కడ, మా ఇంటికి కూడా తెచ్చావ్? కాఫీ పెట్టాడు, మా వైపు అలవాటుగా అందులో జున్ను ముక్కలు వేశాడు. ఏటా అతని మంద తలలు కూడా టెస్ట్‌కి వెళ్తున్నాయి, మూడేళ్లుగా ఒక్కదాంట్లోనూ జబ్బు లేదు. అది నాకు తెలుసు, ఆ కాగితాలు ఫైల్లో పెట్టేది నేనే. ఉన్న ఒక్క జబ్బుదీ నా దొడ్లోనే తెగింది.

ఆ శరదృతువులో నీ కుంటిది నా దగ్గర కోశాం, తోలు నా షెడ్‌లోనే ఉండిపోయింది, అన్నాను.

కప్పులోకి చూశాడు. ఏ కుంటిది బావా? అన్నాడు.

చేతి తొడుగు ఒకటి పోతే దాని కోసం ముప్పై కిలోమీటర్లు వెనక్కెళ్లిన మనిషి లెమెత్. మా పెళ్లిలో నా దగ్గర మర్చిపోయిన చెంచా పదేళ్ల తర్వాత అడిగి తీసుకున్నాడు. తన గుర్తున్న తోలు మూడేళ్లు అడగలేదు.

తెలుసు వాడికి. మొదటి రోజు నుంచీ తెలుసు. నా దొడ్లో తుపాకులు పేలుతుంటే పక్కన నిలబడి నాకు కాఫీ పోసి ఇచ్చాడు.

నవంబర్ 17

మైనస్ పద్నాలుగు. మెట్ల మీద మంచుకి ఉప్పు చల్లాను.

రెండు మాటలు పై ఆఫీసుకి రాస్తే చాలు. హాల్వర్ పరువూ పోతుంది, లెమెత్ మందా పోతుంది. ఒక్కదానికి జబ్బు కనబడినా మందంతా కాల్చాలి, రూల్ అదే. ఆ రూల్ రాసిందీ హాల్వరే.

కానీ కాగితం వస్తే హాల్వర్ దానికి జవాబు రాస్తాడు. మాటలు అతని దగ్గర ఎన్నైనా ఉన్నాయి. ఎక్కడో చిన్న పొరపాటు, సిస్టమ్‌లో లోపం అంటాడు. అలా కాదు. అది అతను తన కళ్లతో చదవాలి. ఎవరూ పక్కన లేనప్పుడు.

నవంబర్ 18

చెవి గుర్తుల గురించి పుస్తకంలో నాలుగు పేజీలు పెట్టాలని హాల్వర్ ఎన్నిసార్లు అడిగినా నాకు తెలీదనేవాణ్ణి. ఇవాళ నేనే వెళ్లి, నేర్పుతాను అన్నాను.

కుర్చీలోంచి లేచాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇన్నేళ్లకి నీకు నా మీద మనసొచ్చింది ఇస్సాత్, అన్నాడు.

నవంబర్ 21

అట్టలు చెవుల్లా కత్తిరించి తీసుకెళ్లాను. కొస ముందు చూడాలి, తర్వాత వెనక అంచు, చివర ముందు అంచు. కళ్లతో కాదు, బొటనవేలితో. మొదలు నుంచి కొసకి. చలికాలం వెంట్రుకలు గాట్లని కప్పేస్తాయి.

అతను కొస నుంచి మొదలుకి వెళ్తాడు. పదిసార్లు చెప్పాను.

ల్యాబ్‌లో పనిచేసే కైసా తలుపులోంచి చూసి నవ్వింది. ఏంటి మామా, ప్రొఫెసర్ గారికి పలకా బలపం పట్టించావా? ఫెయిలైతే బెంచీ ఎక్కిస్తావా? అంది. హాల్వర్ కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. నా మొహం నొప్పి పుట్టింది.

నవంబర్ 27

సూర్యుడి అంచు కొండ మీద కనబడి పోయింది. మళ్లీ జనవరిలో. మెట్ల దగ్గర దీపం బల్బు మార్చాను.

ఇరవై గుర్తులు వచ్చాయి హాల్వర్‌కి. లోయలో సగం కుటుంబాలు. నాది చూసి పక్షి ముక్కులా ఉందన్నాడు. మార్జాదీ లెమెత్‌దీ దగ్గర మాత్రం తడబడుతున్నాడు. అక్కాతమ్ముళ్లు కదా, వాళ్ల నాన్న గుర్తులోంచి తీసినవి. అంతా ఒకటే. మార్జాది వెనక అంచున ఒక్క గాటు, లెమెత్‌ది రెండు. ఆ ఒక్క గాటే తేడా, మర్చిపోవద్దు, అన్నాను. నోట్‌బుక్‌లో రెండుసార్లు గీత కొట్టుకున్నాడు.

డిసెంబర్ 5

మైనస్ ఇరవై రెండు. లెమెత్ వచ్చాడు. బూట్లు కూడా దులపలేదు.

దుకాణంలో కైసా చెప్పిందట. డాక్టర్‌కి చెవులు చదవడం నేర్పుతున్నావా బావా? ఎందుకు? నీ ఫ్రీజర్‌లో ఏముంది?

నీదే ఉంది, అన్నాను.

కూర్చోలేదు. ఆ కుంటిది వణుకుతుంటే చూశాను, అన్నాడు. ఏరు దాటేప్పుడు నీ మందలో కలిసింది. వెనక్కి తోలుకుందామనుకున్నాను. తోలుకోలేదు. తర్వాత చెబుదామనుకున్నాను. వాళ్లు వచ్చేశారు. నా పిల్లలు, నా మంద. నన్ను కొట్టు బావా, అన్నాడు.

నేను కొట్టలేదు. పొయ్యిలో కట్టె పెట్టాను.

అప్పుడు, అక్కవి నా దగ్గరున్నాయి తెలుసా, అన్నాడు. అదే ఏరు దగ్గర అక్క గుర్తువి మూడు నావాటిలో కలిశాయి. ఏటా జూన్‌లో వాటి దూడలకి అక్క గుర్తే వేస్తున్నాను, ఒక్కటి కూడా నాది వెయ్యలేదు. అక్క కట్టిన గంట వాటిలో ముందు నడిచేదాని మెడకే ఉంది. నా మంద పోతే అవీ పోతాయి. పదకొండు.

అంకె చెప్పేశాడు. లెమెత్ నోట్లోంచి మంద అంకె వినడం ఇదే మొదలు. వాళ్ల నాన్న చచ్చేముందు కూడా వాడికి చెప్పలేదు.

నీ తోలు తీసుకెళ్లు, అన్నాను. తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

డిసెంబర్ 7

పదకొండు.

డిసెంబర్ 10

మైనస్ ఇరవై ఆరు. లిస్ట్‌లో అంతా అయింది, మూడో ఫ్రీజర్ అడుగు అర తప్ప. నా కళ్లు మంటలు, ఇది మీరు చూడండి, అని హాల్వర్‌తో అన్నాను. పరీక్షా? అన్నాడు నవ్వుతూ. అవునన్నాను.

డిసెంబర్ 11, గురువారం

మైనస్ ఇరవై తొమ్మిది. పైపు చుట్టూ గుడ్డ కట్టాను. ఒకటి మైనస్ 80, రెండు మైనస్ 80, మూడు మైనస్ 79.

పదింటికి హాల్వర్ ఫ్రీజర్ల గదిలోకెళ్లాడు. నేను అద్దం ఇవతల కూర్చున్నాను. చిన్న చిన్న సంచులు ముందు రాసుకున్నాడు. తర్వాత అది. నంబరు చూశాడు, నా వైపు చూశాడు, చెయ్యి ఊపాడు. పాపం మన కె-17, అన్నట్టు. చెవులు కనపడ్డాయి. నేర్చుకున్న పిల్లాడి సరదా. చేతి తొడుగు తీసేశాడు.

బొటనవేలు. మొదలు నుంచి కొసకి. బాగా చేశాడు.

ఆగాడు. మళ్లీ చేశాడు. వేలు చెవికి అంటుకుపోయి చర్మం లేచింది, అయినా తియ్యలేదు. నోట్‌బుక్ తెరిచి చూశాడు. మూశాడు. అద్దం మీద అతని ఊపిరి కనపడటం ఆగిపోయింది, చాలాసేపు.

ఎప్పుడో ఒకరోజు అతని మొహం ఇలా పడిపోవడం చూడాలని మూడేళ్లు అతని మెట్ల మీద మంచు తీశాను. ఆ మొహం చూశాను. చాలనిపించలేదు.

లోపలికి పిలిచాడు. చేత్తో సైగ చేశాడు. ఇది ఒక్క గాటే కదా ఇస్సాత్? అన్నాడు. మీ ఆవిడ గుర్తు. మీ ఆవిడవి నీ మందలోనే ఉండేవి కదా.

రెండని అతనికి తెలుసు. వేలి కింద రెండూ తగిలాయి. లిస్ట్ నా వైపు జరిపాడు, పెన్సిల్ దాని మీద పెట్టాడు. నువ్వు రాసి సంతకం పెట్టు, చాలు, అన్నాడు.

ఒక్క గాటు అంటే పదకొండూ బతుకుతాయి. ఒక్క గాటు అంటే జబ్బు మార్జాది, మా ఇంటిది, ఎప్పటికీ. కాల్చినవాడిదే ఒప్పు.

నా సంతకం మూడేళ్ల కిందటే పెట్టాను, ఇప్పుడు మీరు రాయండి, అన్నాను. రెండు అని రాయండి. ఇస్సాత్‌ది కాదు అని రాయండి. చూడకుండా కాల్చాను అని రాయండి. లిస్ట్‌లో, పుస్తకంలో. పెద్ద అధ్యాయంలో.

రాశాడు. అక్షరాలు చిన్నపిల్లాడివిలా వచ్చాయి. చివర యజమాని అన్న గడి దగ్గర ఆగి నన్ను చూశాడు. ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

అది ఖాళీగా వదిలెయ్యండి, అన్నాను. ఎవరిదని ఎవరడిగినా, నాకు చదవడం రాదు అని చెప్పండి. ముప్పై ఏళ్లు ఇక్కడుండి నేర్చుకోలేదు అని చెప్పండి. నమ్ముతారు.

అతని వేలి నుంచి రక్తం లిస్ట్ మీద పడింది. ఆ పేజీ మళ్లీ రాయనివ్వలేదు.

డిసెంబర్ 13, శనివారం

మైనస్ ముప్పై ఒకటి. గాలి లేదు. మెట్ల మీద మంచు తీశాను.

హాల్వర్ రెండు రోజులుగా రాలేదు. ఉత్తరం పంపాడు, అధ్యాయం నువ్వు చెప్తే రాస్తానని. సోమవారం నుంచి చెప్తాను. తొందర లేదు. ఒక్కొక్క రెయిన్‌డీర్ గురించీ చెప్తాను.

నిన్న నేను లేనప్పుడు ఎవరో షెడ్‌లో తోలు తీసుకెళ్లారు. పాత డైరీ తీసి టిక్ పెట్టాను. లెమెత్‌ని నేను క్షమించలేదు. యజమాని గడి ఖాళీగా ఉందని మాత్రం కబురు పంపాను. వాడు రోజూ ఆ గడి గురించి ఆలోచిస్తాడు. ఆలోచించనీ.

ఫ్రీజర్ ఒకటి మైనస్ 80. రెండు మైనస్ 79. బయట నా దొడ్డి వైపు నుంచి గంట చప్పుడు. కుక్క మొరగట్లేదు, తోక కొడుతోంది. మూడేళ్లుగా ఆ గేటు మంచులోనే ఉంది, పార పెట్టలేదు. మళ్లీ గంట. ఆ గంట నాకు తెలుసు, మార్జా కొన్నప్పుడు పక్కనున్నాను. ఫ్రీజర్ మూడు...