గ్లెబ్ సుర్నిన్ రాయి

కీరోవ్‌స్క్,
9 మార్చి 1998

గౌరవనీయులైన ఫాయినా లాజరెవ్నా గారికి తైసియా సుర్నినా నమస్కరించి రాయునది. మీరూ, మీ ప్రయోగశాలలోని వారూ కుశలమని తలుస్తాను. ఇక్కడ ఇంకా నడుములోతు మంచు ఉంది. నా కీళ్లు తప్ప మిగతావన్నీ బాగానే ఉన్నాయి.

ఈ ‘మీరు’ ఇంతటితో చాలు. ఒకే హాస్టల్ గదిలో, ఒకే కెటిల్‌తో ఐదేళ్లు బతికినవాళ్లం. మామూలుగానే రాస్తాను.

నీ ఉత్తరం అందింది. మన పాత రాయి ముక్కను కొత్త యంత్రంలో పెట్టి చూశావట. అది రెండు ఖనిజాల మిశ్రమం కాదట, ఒకే స్ఫటికమట. అభ్రకంలో ఉండేలాంటి పొర ఒకటి, టైటానియం ఉన్న పొర ఒకటి, వంతు తప్పకుండా ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ పోయాయట. నాకా చెబుతున్నావు ఫాయినా? డెబ్భై ఆరులో ఆ మాట నీకు చెప్పింది నేనే కదా.

ఆ ఫిబ్రవరిలో నువ్వు మాస్కో నుంచి వచ్చినప్పుడు ఎక్స్‌రే ఫిల్మును కిటికీకి ఆనించి చూపించాను. పెద్ద చుక్కల మధ్య వరసగా మసక చుక్కలు. వాటినిబట్టి లెక్క కడితే రెండు పొరల మందం కలిపినంత వచ్చింది. ఉత్త మిశ్రమమైతే ఆ చుక్కలు రానే రావన్నాను. నువ్వు చాలాసేపు చూసి, “ఉన్నాయే తాస్యా, నిజంగానే ఉన్నాయి” అన్నావు.

నెల తిరక్కముందే, డిగ్రీకని నేను సమర్పించిన పరిశోధన మీద అభిప్రాయం రాయమని డిగ్రీలిచ్చే సంఘంవాళ్లు నిన్నే అడిగారు. ఇలాంటి రాళ్లన్నీ మిశ్రమాలేనని అప్పటికే పుస్తకం రాసి కూర్చున్నాడు మీ పెద్దాయన. నీ ఉద్యోగం ఆయన చేతిలో ఉంది. “రెండు ఖనిజాలు కలిసిపోయిన ముక్క. మసక చుక్కలు ఫిల్ము కడగడంలో పడ్డ మరకలు” అని రాసి సంతకం పెట్టావు. మరో నమూనా పంపితే తిరిగి చూస్తామని సంఘంవాళ్లు దయతలిచారు.

కొండమీద ఆ రాయిని మొదట గుర్తుపట్టింది మా ఆయన, గ్లెబ్. గనిలో సర్వేయరు ఉద్యోగం తనది, రాళ్ల పిచ్చి మాత్రం నాకంటే ఎక్కువ. నీ కాగితం చదివి నవ్వాడు. “మీవాళ్లకి రాయి చూపిస్తే కాగితం అడుగుతారు, కాగితం చూపిస్తే రాయి అడుగుతారు. సరేలే, ఆ ముచ్చటా తీర్చేద్దాం. కొండెక్కి ఇంకో ముక్క తీసుకుని చీకటి పడకముందే వచ్చేస్తా” అన్నాడు.

అది ఏప్రిల్ పన్నెండు. రెండు రోజులు ఎండ కాసి పైన మంచు బరువెక్కి ఉంది. అతను లోయలో ఉండగానే విరిగి మీదపడింది. ఐదో రోజున తవ్వి తీశారు. చేతిలో సుత్తి ఉంది. సంచీలో ఏమీ లేదు.

అంత్యక్రియలకు వచ్చావు. కర్మ భోజనంలో రెండు చెంచాల కుత్యా గోధుమ పాయసం తిని, “ధైర్యంగా ఉండు” అని, సాయంత్రం రైలుకే వెళ్లిపోయావు. నువ్వు ప్రొఫెసరువయ్యావు. నేను డిగ్రీ మాట ఎత్తలేదు. ఇరవై రెండేళ్లుగా గనివాళ్ల ప్రయోగశాలలో రాతిపొడి తూస్తున్నాను.

ఇప్పుడు ఆ ఖనిజానికి సుర్నినైట్ అని పేరు పెడతానంటున్నావు. భార్యగా నా సమ్మతి కావాలని కాగితం పంపావు. అడుగున చేత్తో రాశావు, “గ్లెబ్‌ను కొండ ఎక్కించింది నా సంతకమే, అప్పటినుంచి నాకు కంటినిండా నిద్ర లేదు” అని. లేకపోతే లేకపోనీ. ఆ రాయికి అతని పేరు పెట్టి చేతులు కడుక్కుందామనుకున్నావు. నీళ్లు పోయడానికి నేను రాను. నేను సంతకం పెట్టను.

ఆరోగ్యం జాగ్రత్త.

ఒకప్పటి నీ
తాస్యా

తా.క. 12 మార్చి. ఈ ఉత్తరం మూడు రోజులు నా కోటు జేబులోనే ఉంది. రెండుసార్లు పోస్టు డబ్బాదాకా వెళ్లి తిరిగొచ్చాను. ఒక మాట రాయకుండా వేయడం నా చేతకాలేదు.

కొండకు బయలుదేరేముందు గ్లెబ్ నన్ను అడిగాడు. “నీ దగ్గర ఇంకేమైనా మిగిలిందా? చిన్న రేకైనా చాలు, పంపేద్దాం” అన్నాడు. లేదన్నాను. ఉంది. బట్టల బీరువాలో, చేతిరుమాల్లో చుట్టి పెట్టాను. గోరంత రేకు. అన్నిటికన్నా మంచి ముక్క. మీకిస్తే మళ్లీ మరకలంటారని, లేదంటే ఇంకెవరో తమ పేరున రాసుకుంటారని మొగుడికి కూడా చెప్పకుండా దాచాను. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే అతను ఇల్లు కదిలేవాడు కాదు. నేరమంతా నీదేనని ఇన్నేళ్లూ నిన్ను అనుకోనిచ్చాను. నేనూ అలా అనుకుంటేనే నాకు రొట్టె ముద్ద గొంతు దిగేది.

సంతకం పెట్టాను. ఆ రేకు కూడా ఇందులోనే ఉంది. కవరు మెల్లగా చింపు, పొరలు ఊడిపోతాయి.