దవడకే వినిపించే టోన్

ఫిబ్రవరి 4

నాకు పొగరట. ఈ ఇంట్లో ఇది పాత ఆరోపణే. ఇవాళ నాన్న కంచం ముందు కూర్చుని తీర్పు కూడా చెప్పేశాడు. అమ్మ వంటింట్లోంచి పిలిచిందట. తను హాల్లోంచి పిలిచాడట. నేను కిటికీ దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చుని తల కూడా తిప్పలేదట. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది దీంతో, అన్నాడు. అమ్మ ఇంకో అడుగు ముందుకు వేసింది. చెవుడూ కాదు పాడూ కాదు, నిన్న బస్సులో అంత గోలలో కండక్టర్ అడిగినదానికి నాకంటే ముందు జవాబు చెప్పింది, పరాయివాళ్ళకైతే పలుకుతుంది, మనమంటేనే లోకువ అంది.

అమ్మ చెప్పింది అబద్ధం కాదు. అందుకే ఒళ్ళు మండింది. బస్సులో నాకు అందరూ స్పష్టంగా వినబడతారు. ఇంట్లోవాళ్ళే మాటల్ని నోట్లో నానబెట్టుకుని మాట్లాడతారు.

చివర్లో నాన్న పెద్ద బాణం తీశాడు. అచ్చం మీ అత్తే, అన్నాడు. అత్త అంటే నాన్న అక్క. నాయనమ్మ ఆఖరి రోజున మంచం మీంచి కూతుర్ని పిలుస్తూనే ఉందట. పక్కగదిలో అత్త పుస్తకం చదువుకుంటూ కూర్చుందే గానీ లేవలేదట. నాన్న బయటినుంచి వచ్చేసరికి అదీ దృశ్యం. ఆ రోజు నుంచి అక్కాతమ్ముళ్ళకి మాటల్లేవు. మా ఇంట్లో "అత్తలాంటిది" అంటే తిట్టు.

డిగ్రీ అయ్యాక మూడు ఉద్యోగాలు మానేశాను. దానికి తిట్టమను, పడతాను. పొగరు మాత్రం ఒప్పుకోను.

ఫిబ్రవరి 9

అక్షరాలు కుదురుగా రావడం లేదు.

సాయంత్రం అమ్మకి తలనొప్పి. మోత పెంచే ఆంప్ పెట్టొద్దంది. సరే అని నా బాస్ గిటార్‌ని ప్లగ్ చెయ్యకుండానే ఒళ్ళో పెట్టుకుని మంచం మీద స్కేల్స్ వాయించుకుంటున్నాను. ఆంప్ లేని బాస్ అంటే తెలిసిందే, పెద్ద శరీరం, చిన్న గొంతు. విసుగొచ్చి ముందుకి వాలిపోయాను. బాస్ ఒంటి మీంచి పొడుచుకొచ్చే చెక్క పైకొమ్ము దవడకి ఆనింది. వేలు ఇంకా తీగ మీదే ఉంది. ఓపెన్ ఈ, ఎక్కడా నొక్కకుండా మీటిన అన్నిటికంటే లావు తీగ.

వచ్చింది.

ఎలా రాయాలి? బియ్యం బస్తాని గచ్చు మీద దించితే మోగదు, కానీ నేలకి తెలుస్తుంది. అలాంటి బరువు. ఆగి ఉన్న బస్సు అద్దానికి తల ఆనిస్తే ఇంజను పుర్రెలో తిరుగుతుందే, అంత దగ్గర. నల్లగా, గుండ్రంగా, అంచుల్లేకుండా. ఇన్నేళ్ళూ తీగలు మార్చాను, పికప్‌లు మార్చాను, ఉన్న డబ్బంతా పెట్టి శబ్దం మార్చే పెడల్స్ కొని మళ్ళీ అమ్ముకున్నాను. ఏం కావాలని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేదాన్ని. ఇదీ, అని ఇప్పుడు చెప్పగలను.

అమ్మ తలుపు దగ్గర నిలబడి చూసిందట. చాలాసార్లు పిలిచిందట.

ఫిబ్రవరి 10

కల కాదు. పళ్ళు తోముకోకుండానే దవడ ఆనించి చూశాను. ఉంది.

ఫిబ్రవరి 19

దవడలో ఉంది, ఆంప్‌లో లేదు. అదీ నా బాధ. ట్రెబుల్, అంటే పైస్వరాల పదును, పూర్తిగా తగ్గించాను. పాత తీగలే మళ్ళీ వేశాను. తీగలు బిగించే బ్రిడ్జి దగ్గర, వాటి కింద స్పాంజి ముక్క దోపాను. బాస్ మెడ దగ్గర, బొటనవేలి కండతో మీటాను. గుమ్మం దాకా వస్తుంది, లోపలికి రాదు. అప్పుడు ఆంప్ మీద కింది స్వరాల నాబ్ ఇంకొంచెం పెంచుతాను.

మా బ్యాండ్‌లో ముగ్గురం. గిటార్ వాయిస్తూ పాడేది ఒకమ్మాయి, మా గాయని. డ్రమ్స్ వాయించేవాణ్ణి సుత్తి అంటాం. చేతిలోనూ అదే, నోట్లోనూ అదే. ఇవాళ వాడు మొదలుపెట్టాడు, బాస్ వాయిస్తున్నావా, బోరు వేయిస్తున్నావా అని. గాయని నవ్వలేదు. నా గొంతు నాకే వినబడట్లేదు, తగ్గించు అంది. వచ్చే నెల రికార్డింగ్, ఇలాగైతే వేరేవాళ్ళని చూసుకోవాల్సిందే అని గోడకి చెప్పినట్టు చెప్పింది. గోడకి చెప్పినా నాకు చక్కగా వినబడింది. సుత్తి అప్పటికింకా వాయించడం ఆపలేదు.

ఫిబ్రవరి 26

ఇవాళ భయపడ్డాను. ఎవరికీ చెప్పలేదు.

ప్రాక్టీస్ గదికి అందరికంటే ముందు వెళ్ళాను. తగ్గించమనేవాళ్ళు లేరు కదా అని నా టోన్ వెతుక్కుంటూ కూర్చున్నాను. కింది నోటు మీటి ఆగాను. సన్నగా ఉంది, పక్కవీధిలో ఎవరో వాయిస్తున్నట్టు. నాబ్ తిప్పాను. ఇంకా పక్కవీధే. అప్పుడు కనబడింది, ఆంప్ మీద సుత్తి వదిలేసిన నీళ్ళసీసా. లోపల నీళ్ళు వణుకుతున్నాయి. వణకడం కాదు, ఉడుకుతున్నాయి. కిటికీ అద్దం మీద చెయ్యి పెట్టాను. అదీ వణుకుతోంది. అరికాళ్ళ కింద నేల వణుకుతోంది. గదంతా మోగుతోంది, నాకు తప్ప.

తీగల మీద అరచెయ్యి వేశాను. నీళ్ళు ఆగాయి. మీటాను. ఉడికాయి. మళ్ళీ ఆపాను, మళ్ళీ మీటాను. అబద్ధం చెప్పడానికి నీళ్ళకి నామీద ఏం కక్ష?

పక్క షాపతను తలుపు కొడుతున్నాడని, అతను తలుపు తోసుకుని నా ముందుకొచ్చి నిలబడ్డాకే తెలిసింది. నోరు కోపంగా కదులుతోంది.

మార్చి 1

వాన పడుతోంది. చూసి తెలుసుకున్నాను.

మార్చి 6

చెవి బరువుగా ఉందని అమ్మతో అన్నాను. గుబిలి పట్టి ఉంటుంది, తీయించేద్దాం పద అని తనే డాక్టర్ దగ్గరికి వెంటబెట్టుకుని వెళ్ళింది.

గుబిలి లేదు. గోడలకి మెత్తలు కొట్టిన చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, వినబడగానే బటన్ నొక్కమన్నారు. కొన్ని నొక్కాను. ఆ తర్వాత నిశ్శబ్దం. అద్దం అవతల పరీక్ష చేసే ఆవిడ చేతులు కదులుతూనే ఉన్నాయి. అంటే పంపుతూనే ఉంది. నాకే చేరడం లేదు. తెల్లకాగితం ఇచ్చి వచ్చే విద్యార్థిలా చెమటలు పట్టాయి. రెండుసార్లు ఊరికే నొక్కేశాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

తర్వాత హెడ్‌ఫోన్లు తీసేసి, చెవి వెనక ఎముక మీద అగ్గిపెట్టెలో పట్టేంత డబ్బా ఒకటి బిగించింది. వచ్చింది. నల్లగా, గుండ్రంగా. నా టోన్ కాకపోతే దాని తోబుట్టువు. బటన్ నొక్కడం మర్చిపోయి కూర్చున్నాను.

డాక్టర్ బొమ్మ గీసి చెప్పాడు. చెవి లోపల మూడు చిన్న ఎముకలు ఒకదాన్నొకటి తట్టుకుంటూ శబ్దాన్ని లోపలికి చేరుస్తాయట. అన్నిటికంటే చిన్నది, బియ్యపుగింజ కంటే చిన్నది, బిగుసుకుపోతోందట. రెండు చెవుల్లోనూ, ఎడమది ఎక్కువ. గాలిలోంచి వచ్చే శబ్దం అక్కడ ఆగిపోతుంది, ముందు కింది స్వరాలే పోతాయి. పుర్రె ఎముకలోంచి వచ్చేది ఆ దారి తొక్కదు కాబట్టి బాగానే వినబడుతుంది. సంగీతం వల్ల వచ్చింది కాదు, కుటుంబాల్లో నడుస్తుంది, మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అన్నాడు. ప్రశ్న పూర్తికాకముందే అమ్మ లేదంది. గోలలో బాగా వినబడుతుందా అని నన్నడిగాడు. అవునన్నాను. ఈ జబ్బులో అంతేనట. గోలలో ఎదుటివాళ్ళు గొంతు పెంచుతారు, ఆ గోలేమో నీదాకా రాదు అన్నాడు. అమ్మ నా వైపు తిరిగి చూసింది. బస్సు గుర్తొచ్చినట్టుంది.

ఇంటికొచ్చాక బాస్ ముట్టుకోలేదు. నేను ప్రేమించింది టోన్‌నా, జబ్బునా?

మార్చి 7

స్నానం చేసి అద్దం ముందు జుట్టు విడదీసుకుంటున్నాను. నా వెనక, తలుపు దగ్గర నాన్న. అద్దంలో ఆయన పెదవులు కదిలాయి. నా పేరే. ఆగి, మళ్ళీ కదిలాయి. నాకేమీ వినబడలేదు. నేను చూస్తున్నానని ఆయనకి తెలియదు. దువ్వెన ఆపలేదు. మూడోసారి పిలవబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కి వెళ్ళిపోయాడు.

మా నాన్న భయపడటం ఇదే మొదటిసారి చూడటం.

మార్చి 12

అత్త పనిచేసే ప్రెస్‌కి వెళ్ళాను, బాస్ వీపుకి తగిలించుకుని. ఇంట్లో చెప్పలేదు.

బైండింగ్ గదిలో మిషన్లు గోడలు పీకుతున్నాయి. అక్కడ అత్త వేరే మనిషి. చేతులు కాగితాలు మడుస్తుంటే నోరు చుట్టుపక్కల అందరినీ ఆటపట్టిస్తోంది. నన్ను చూడగానే, ఏమే, మీ నాన్న ముక్కు నీకు ఇచ్చేసి వాడు ఊపిరెలా పీలుస్తున్నాడు అంది. ఆ మోతలో నేనన్న ప్రతి మాటా అందుకుంది. నాకూ ఆమె ప్రతి మాటా అందింది. ఇద్దరం ఎంత హాయిగా మాట్లాడుకున్నామో.

భోజనాల వేళ మిషన్లు ఆగాయి, ఇద్దరం బయట మెట్ల మీద కూర్చున్నాం. అత్త ముఖం మీద తలుపు మూసినట్టయింది. నా పెదాలనే చూస్తూ, అన్నిటికీ ఊఁ అంటోంది. మీ చెవుల మీద మీకెప్పుడూ అనుమానం రాలేదా అన్నాను. ఊఁ అంది. ఇంకొన్నేళ్ళకి నేనే ఇలా ఈ మెట్ల మీద కూర్చుని ఊఁ అంటుంటాను.

బాస్ తీసి ఆమె ఒళ్ళో పెట్టాను. పైకొమ్ము దవడకి ఆనించి, అదే లావు తీగ మీటాను. అత్త రెండు చేతులతో బాస్‌ని పట్టేసుకుంది, ఎవరో లాక్కుంటారన్నట్టు. ఎక్కణ్ణుంచి వస్తోందే ఇది, అంది. ఇంకోసారి, అంది. ఇంకోసారి. నేను మీటుతూనే ఉన్నాను.

చాలాసేపటికి, నేనేమీ అడగకుండానే చెప్పింది.

"అమ్మ పిలిచిందని మీ నాన్న అరిచాకే తెలిసిందే నాకు. ఏమని పిలిచిందో ఇప్పటికీ తెలీదు."

మరి చెప్పొచ్చు కదా అని కాగితం మీద రాసి చూపించాను.

"చెవిటిదంటే జాలిపడతారు. పొగరంటే కాస్త దూరంగా ఉంటారు, అంతే. నేను పొగరే ఉంచుకున్నాను."

నేనైనా అదే ఉంచుకునేదాన్ని. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మార్చి 20

డాక్టర్ మళ్ళీ రమ్మంటే ఈసారి నాన్నతో వెళ్ళాను. ఆపరేషన్ చేసి, బిగిసిన ఎముక బదులు చిన్న పుల్లలాంటిది అమరుస్తారట. ముందు ఎడమ చెవి, కొన్ని నెలలాగి కుడిది. దాదాపు అందరికీ బాగానే అవుతుంది. వందలో ఒకరికి ఆ చెవి పూర్తిగా పోతుంది. ఆ ఒకరి గురించి ఆయన నాన్న వైపు చూసి చెప్పాడు, నేను ఆయన పెదాల వైపు చూసి విన్నాను. చేయించుకోకపోతే ఏటేటా తగ్గుతూ పోతుందట. దవడకి ఆనిస్తే వచ్చే శబ్దం తర్వాత కూడా ఇలాగే ఉంటుందా అన్నాను. ఆయన్ని ఎవరూ ఇలా అడగలేదనుకుంటా. వినికిడి మారుతుందమ్మా, నీకు ఎలా అనిపిస్తుందో నేను చెప్పలేను అన్నాడు.

ఇంట్లో అప్పుడే అంతా తేల్చేశారు. రెండు చెవులూ చేయించాలి. ఎవరికీ చెప్పకూడదు. ఆ గిటార్ అటక ఎక్కించాలి. అది గిటార్ కాదు బాస్ అన్నాను. ఎవరూ వినలేదు. ఈ ఇంట్లో చెవుడు ఉన్నది నా ఒక్కదానికే కాదు.

అప్పుడు అత్త మాటలు నాన్నకి చెప్పాను, ఉన్నవి ఉన్నట్టు. నాన్న చేతిలో పేపరు మడిచాడు. ఇంకా మడిచాడు. మడవడానికి ఏమీ మిగలనంత చిన్నదయ్యాక జేబులో పెట్టుకున్నాడు.

మార్చి 27

రికార్డింగ్. ముందే బ్యాండ్‌వాళ్ళకి నా చెవుల సంగతి చెప్పేశాను, తీసేస్తే తీసేస్తారని. గాయని చేతిగోళ్ళు చూసుకుంటూ, నిన్ను పిలిస్తే పలకవు, నేనంటే చులకనేమో అనుకున్నాను అంది. అందరిదీ ఒకే పాట.

నా దవడ ఎక్కడ ఆనుతుందో కొమ్ము మీద చాక్‌పీస్‌తో గుర్తు పెట్టాను. సౌండ్ ఇంజనీర్ అక్కడ చెక్కలోని అదురు పట్టే చిన్న మైకు బిళ్ళ అంటించాడు. వాయించాను. గాయని హెడ్‌ఫోన్లు రెండు చేతులతో నొక్కిపట్టుకుంది. ఇదా నువ్వు వెతికింది, అంది. సుత్తి ఏమీ అనలేదు. వాడి విషయంలో అంతకంటే మెప్పు లేదు.

ఇదేనా, అని ఇంజనీర్ అడిగాడు. దగ్గర, అన్నాను. నిజమే చెప్పాను. అసలుది ఇంకా నా దగ్గరే ఉంది.

ఏప్రిల్ 1

నాన్న అత్తకి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఎందుకెత్తదో ఇప్పుడు తెలుసు కాబట్టి, చెప్పులేసుకుని వెళ్ళాడు.

ఏప్రిల్ 3

రేపు పొద్దున ఆస్పత్రికి. భయం తగ్గలేదు. ఎడమ చెవికి సంతకం పెడతాను. వీళ్ళు పిలిస్తే పలకడానికి అది చాలు. కుడిది నా టోన్ కోసం, ఎవరినీ ముట్టుకోనివ్వను.