నడిదారిలో బస్సు దిగిపోయిన మా అక్క గురించి

ఆరోగ్యశాఖ అధికారి గారి సముఖమునకు, లాండ్రీలో ఇస్త్రీ పని చేయు ఒక స్త్రీ సమర్పించుకొను అర్జీ.

విషయం: క్యాన్సర్ రోగులకు మందు ఎక్కించుట, నొప్పి తగ్గించుట, ముందుగా పరీక్షించుట అను మూడింటిని మా ఊరి ఆసుపత్రిలోనే ఏర్పాటు చేయించుట గురించి.

అయ్యా,

తమకు మనవి చేయడమేమనగా, మా అక్క కుట్టుపనిలో పేరు పడ్డ మనిషి. బావ పోయినప్పటి నుంచి నా దగ్గరే ఉంటోంది. ఆమె విషయమై ఈ క్రింది ఇబ్బందులు తమ దృష్టికి తెస్తున్నాను.

1. రొమ్ములో గట్టిగా ఏదో తగులుతోందని అక్క అనగా మా ఊరి ఆసుపత్రికి వెళ్లితిమి. నర్సమ్మ రవిక పైనుంచే తడిమి, "కొవ్వు గడ్డ అయ్యుంటుందిలేమ్మా, ఈ పూతమందు రాసుకో" అన్నది. ఆమెను తప్పు పట్టుట లేదు. ఆమెకు నేర్పినవారు లేరు. అక్క పూత రాసుకుంటూనే మిషను తొక్కింది. చంకలో కూడా గడ్డ లేచాక పెద్దాసుపత్రికి పోతే, డాక్టరు గారు "ఇన్నాళ్లూ ఏం చేశారు?" అని కసిరారు. ఏం చేశామండీ? పూత రాశాము.

2. మందు ఎక్కించుకొనుటకు పెద్దాసుపత్రి తప్ప వేరు గతి లేదు. తెల్లవారకముందే బస్సెక్కితే పొద్దు నెత్తికెక్కాక చేరతాము. అంత దూరం పోయాక రక్తపరీక్ష చేసి, "రక్తం తక్కువుంది, మళ్లీ రండి" అని తిప్పి పంపిన సందర్భములు కలవు. ఆ పరీక్ష మా ఊళ్లోనే చేయవచ్చును గదా. మందు ఎక్కిన రోజు తిరుగు బస్సులో అక్క సంచిలో వాంతులు చేసుకునేది. అంటుకుంటుందేమోనని పక్కవాళ్లు లేచి నిలబడేవారు. జుట్టంతా రాలినప్పుడు మాత్రం నవ్వింది: "పోనీలేవే, పేల పీడ వదిలింది."

3. పోయినసారి వెళ్తుండగా అక్క నడిదారిలో బస్సు ఆపించింది. వాంతికేమో అనుకున్నాను. దిగి కల్వర్టు గట్టు మీద కూర్చుంది.

"ఎక్కక్కా, బస్సు పోతుంది."

"పోనీ."

"మందు తప్పితే ఎలా?"

"రోగంతో చస్తే చస్తాను గానీ ఈ బస్సులో చావలేనే. ఇంటికి తీసుకుపో."

కాళ్లు పట్టుకున్నాను. తిట్టాను. బస్సు వెళ్లిపోయింది. ఎదురుగా వచ్చిన కూరగాయల వ్యానులో ఇల్లు చేరితిమి. అప్పటి నుంచి ఎంత బతిమాలినా రాదు. వైద్యము ఆగిపోయినది.

4. నొప్పి గురించి ఆఫీసు భాషలో ఎలా రాయాలో నాకు తెలియదు. గట్టి నొప్పికి ఇచ్చే మాత్రలు మా ఊరి ఆసుపత్రిలో ఉంచుటకు అనుమతి లేదట. ఇరుగుపొరుగుకు వినబడకూడదని అక్క కొంగు నోట్లో కుక్కుకుంటుంది. నాకు వినబడుతుంది. గోడవైపు తిరిగి పడుకున్నా వినబడుతుంది.

కావున మందు ఎక్కించుటకు మా ఊళ్లో కొన్ని మంచములు, పని నేర్చిన నర్సు, నొప్పి మాత్రలకు అనుమతి, ఆడవాళ్లను పరీక్షించుటకు తలుపున్న ఒక గది మంజూరు చేయించ ప్రార్థన. మా లాండ్రీ ఆడవాళ్లు కూడా ఇదే కోరుచున్నారు. "పైకి పంపితిమి" అను జవాబుతో సరిపెట్టక, తమ ఇంటి మనిషి మాటగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఒక రోగి చెల్లెలు

తా.క.: ఇది కవరులో పెట్టబోతుంటే అక్క పిలిచింది. "ఇలా రా. రవిక విప్పు. నా వేళ్లకు తెలుసు, చూడనీ." సిగ్గేసింది. అయినా కూర్చున్నాను. ఆమె వేళ్లు ఒకచోట ఆగాయి. పక్కకు పోయి మళ్లీ అక్కడికే వచ్చాయి.

"ఏముందక్కా?"

"ఏం లేదులే" అని, చిన్నప్పటిలా నా రవిక హుక్కులు తనే పెట్టింది. "రేపు పెద్దాసుపత్రికి పోదాం. నేనూ వస్తా" అంది.

ఇన్నాళ్లూ రమ్మని బతిమాలింది నేను. ఇప్పుడు ఆమె రమ్మంటుంటే నాకు కాళ్లు రావడం లేదు. అయ్యా, తొందరగా చూడండి.